చుక్క దొర్లితే చాలదు

పొద్దుటి నుంచీ ముసురే. విశాఖ తేమలో ఇథనాల్ సీసాకి మూత తీసి ఉంచితే నీటిని లాగేసుకుంటుంది, అందుకే పూత ద్రావణం అప్పటికప్పుడే కలపాలి.

ఈరోజు పని రాగి ఫోమ్, అంటే స్పాంజిలా రంధ్రాలున్న రాగి పలక. నీటిని ఆపి, అందులో కలిసిన డీజిల్‌ని మాత్రం పోనిచ్చేలా దానికి పూత వేయాలి. మందం 1.5 మిల్లీమీటర్లు, రంధ్రాలు దాదాపు 0.2 మిల్లీమీటర్లు. అసిటోన్‌లో, తర్వాత ఇథనాల్‌లో పదేసి నిమిషాలు కడగాలి. చిలుము పోవడానికి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఓ ముంచు, ఆపైన డిస్టిల్డ్ వాటర్. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కరిగించి, బాగా చల్లారాక 3 గ్రాముల అమోనియం పెర్‌సల్ఫేట్ కలపాలి. అమోనియా ఘాటు వస్తుంది, కాబట్టి ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. అందులో ఫోమ్‌ని ముంచితే ఇరవై నిమిషాల్లో ఎర్రటి రాగి లేత నీలంగా మారుతుంది. ఆ నీలం సన్నటి కాపర్ హైడ్రాక్సైడ్ సూదులది. అక్కడే ఆపేయాలి. ఆశపడి ఇంకా ఉంచితే పొర దళసరెక్కి రాలిపోతుంది. వేలితో అదిమినా సూదులు విరుగుతాయి, అంచులు పట్టుకునే ఎత్తాలి. తర్వాత 100 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 0.28 గ్రాముల స్టియరిక్ ఆమ్లం, కొన్ని గంటల నాన, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టడం. తెల్లటి మచ్చలు కనిపిస్తే ఆమ్లం విడిగా గడ్డకట్టిందన్నమాట. గోరువెచ్చని ఇథనాల్‌తో కడిగితే పోతాయి.

ఇప్పుడు నీటి చుక్క 150 డిగ్రీలు దాటిన స్పర్శకోణంతో (చుక్క అంచు ఫోమ్‌తో చేసే కోణం) దొర్లిపోతుంది, డీజిల్ చుక్క వెంటనే ఇంకిపోతుంది. చాలామంది ఇక్కడితో సంబరపడి ఆగిపోతారు. అసలు లెక్క పీడనానిది. 0.2 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 1250 పాస్కల్‌ల నీటి పీడనాన్నే ఆపగలదు, అంటే పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు. ఫోమ్ డీజిల్‌తో తడిశాక అదీ ఉండదు. అప్పుడు అడ్డుపడేది నీటికీ గాలికీ మధ్య తలతన్యత కాదు, నీటికీ డీజిల్‌కీ మధ్య ఉండేది. అది బాగా తక్కువ. పైగా ఒక్క పెద్ద రంధ్రం చాలు, నీళ్లు అక్కడినుంచే దూరతాయి.

ఇంకో చిక్కు: ఫోమ్‌ని గరాటు అడుగున బిగిస్తే డీజిల్ దిగదు. బరువైన నీళ్లు ఫోమ్ మీద కూర్చుంటాయి, తేలికైన డీజిల్ పైనే తేలుతూ దాన్ని తాకనే తాకదు. ఫోమ్‌ని పెట్టెలా మడిచి నీటిపై తేలించాలి. మునిగే లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు మించకూడదు. డీజిల్ లోపలికి చేరాక పంపుతో నెమ్మదిగా లాగాలి. గట్టిగా లాగితే నీళ్లూ వచ్చేస్తాయి.

ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల అడుగున చేరే నీళ్లకి వాడాలంటే సబ్బే పెద్ద శత్రువు. డెక్కు కడిగిన సబ్బు అందులో కలిస్తే నీటి తలతన్యత పడిపోయి ఫోమ్ తడిసిపోతుంది. డీజిల్ కూడా మైక్రాన్ల సైజు బిందువులుగా నీటిలోనే నిలిచిపోయి ఫోమ్ దాకా రాదు. అలాంటి నీళ్లని ముందు నిలవబెట్టి తేర్చాలి, తేలిన డీజిల్‌కే ఫోమ్. పని కాగానే బయటికి తీసేయాలి. ఉప్పునీటిలో వదిలేస్తే రాగి కరుగుతుంది, చేపపిల్లలకి అది విషం.

నీటి చుక్క అంటుకోవడం మొదలైతే ఫోమ్ రంగు చూడాలి. నీలం నిలిచి ఉంటే ఇథనాల్‌తో కడిగి మళ్లీ స్టియరిక్ ఆమ్లంలో నానబెడితే సరిపోతుంది. రాగి ఎరుపు బయటపడితే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే.