ఆఖరి టిక్కు పడేదాకా: ఓపెన్ సోర్స్‌లో నా ప్రతిపాదన

తెలుగు పదాలు ఒత్తుల మధ్యలో విరగకుండా చూడాలన్న మా ప్రతిపాదన నిన్న రాత్రి ఆమోదం పొందింది. ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల ప్రాజెక్టుల్లో, చిన్న బగ్ దిద్దాలంటే కోడ్ పంపితే సరిపోతుంది. లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్) అందరికీ పనిచేసే తీరే మార్చాలంటే మాత్రం ముందు పత్రం రాయాలి, పదిమందినీ ఒప్పించాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఆ పత్రాన్ని పెప్ అంటారు, రస్ట్ భాషలో ఆర్‌ఎఫ్‌సీ అంటారు. నేను పని చేసింది ఒక టెక్స్ట్ లైబ్రరీ మీద. దాని పేరు చెప్పను.

సమస్య ఇది. ‘లక్ష్మి’ని మనం రెండక్షరాలుగా చదువుతాం. కంప్యూటర్ లోపల అవి 7 కోడ్ పాయింట్లు, అంటే అక్షర భాగాలకి ఇచ్చిన సంఖ్యలు. ఆ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లోని పాత నియమం ప్రకారం విడగొడితే ల, క్, ష్, మి అని నాలుగు ముక్కలు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో ఒత్తులు విడిపోకుండా కొత్త నియమం చేర్చారు. దాని ప్రకారం ల, క్ష్మి, రెండే. మా లైబ్రరీ ఇంకా కోడ్ పాయింట్ల దగ్గరే కోస్తోంది. పేరును నాలుగు కోడ్ పాయింట్లకు కుదిస్తే తెర మీద ‘లక్ష’ అని వస్తుంది, మూడుకు కుదిస్తే ‘లక్’. కొత్త నియమం పాటిద్దామన్నదే నా ప్రతిపాదన.

ఇష్యూ (చర్చా పేజీ) తెరవడం, నమూనా ప్రకారం పత్రం నింపడం తేలిగ్గానే అయిపోయాయి. పైథాన్‌లో లాగే ఇక్కడ కూడా ప్రాజెక్టు నడిపే కోర్ టీమ్‌లో లేనివాళ్లకి స్పాన్సర్, అంటే ప్రతిపాదనకి అండగా నిలిచే టీమ్ సభ్యులు ఒకరు, కావాలి. ఒక సీనియర్ ఆవిడ అడగ్గానే ఒప్పుకున్నారు. ఆవిడకి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

అసలు కథ ఆఖరి అభిప్రాయాల గడువు దగ్గర మొదలైంది. రస్ట్ పద్ధతినే వీళ్లూ తెచ్చుకున్నారు: బాట్ (తనంతట తాను పనిచేసే ప్రోగ్రామ్) ఒకటి, టీమ్ సభ్యుల పేర్లు రాసి పక్కన టిక్కు గళ్లు పెడుతుంది. తగినన్ని టిక్కులు పడి, అభ్యంతరాలేవీ మిగలకపోతే ఆఖరి అభిప్రాయాలకి పది రోజుల గడువు మొదలవుతుంది. మా జాబితాలో అందరూ టిక్కు పెట్టారు, ఒక్కాయన తప్ప. ‘ఇది కొన్ని భాషల అవసరం, వేరే ప్యాకేజీలో పెట్టుకోండి’ అని ఒక్క వాక్యం రాసి, అభ్యంతరంగా నమోదు చేసి వెళ్లిపోయారు. ఆ అభ్యంతరం తీసే హక్కు ఆయనొక్కడికే ఉంది. వివరంగా జవాబు రాశాను. వారాలు గడిచాయి, ఉలుకూ పలుకూ లేదు. మర్యాదగా గుర్తు చేస్తే, ‘అందరూ స్వచ్ఛందంగా పనిచేస్తున్నవాళ్లే, తొందరపెట్టకండి’ అని ఇంకొకరు నాకే బుద్ధి చెప్పారు. నేను మాత్రం జీతం తీసుకుని రాస్తున్నానా?

చివరికి వీడియో సమావేశానికి పిలిచారు. మనకది అర్ధరాత్రి దాటిన వేళ. నా అంశం అన్నిటికన్నా చివర వేశారు. ఆయన అడిగిన ప్రశ్న: ‘నిజంగా దీన్ని వాడేవాళ్లు ఉన్నారా?’ 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.11 కోట్లు. ఆ మాట అనేసరికి గొంతు వణికింది, కోపంతో. తెర పంచుకుని లక్ష్మి పేరు ‘లక్ష’గా మారడం చూపించాను. అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. అప్పుడాయన కొత్త నియమంతో వేగం తగ్గుతుందన్న సంగతి ఎత్తారు. ఇంగ్లిష్ పాఠ్యానికి పాత దారే ఉంచి కొలిచిన లెక్కలు అప్పటికే పత్రంలో ఉన్నాయి. ఆయన చదవలేదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. చర్చలో ఎంత బాగా వాదించినా అది కిందికి జారిపోతుంది, నిలిచేది పత్రమే. వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ, దానికి మీ జవాబునీ ‘తిరస్కరించిన ప్రత్యామ్నాయాలు’ అన్న భాగంలో ఎక్కించండి. నన్ను గట్టెక్కించింది అదే. రాతలో జవాబు ఉన్నాక అదే ప్రశ్న మళ్లీ అడగడానికి ఎవరికీ మొహం చెల్లదు.

పెద్దవాళ్లకి కూడా ఇది తేలిక కాదు. 2018లో పైథాన్‌లో := గుర్తు కోసం వచ్చిన పెప్ 572 మీద గొడవ ఎంత ముదిరిందంటే, దాన్ని ఆమోదించిన వెంటనే పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ తుది నిర్ణయాల బాధ్యత వదిలేశారు. ఆ తర్వాతే ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ వచ్చింది. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టులో అయితే సభ్యులందరూ ఓటు వేసే పద్ధతి ఉంది. ఒకే ఒక్క మనిషి మౌనం దగ్గర ఎన్నాళ్లయినా ఆగిపోయే మా పద్ధతి కన్నా అది నయం. మౌనానికి కూడా ఒక గడువు ఉండాలని నేను టీమ్‌కి రాతపూర్వకంగా ఇచ్చాను.

మనవాళ్లు వేలమంది ఇలాంటి లైబ్రరీల మీదే రోజూ బతుకుతున్నారు. బహుమతిగా వచ్చే టీ షర్టు కోసం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్‌లో) కామాలు మార్చే పని మానేసి, నిర్ణయాలు జరిగే చోటికి రండి. ఇంగ్లిష్ గొప్పగా రానక్కర్లేదు. నాకూ బళ్లో తెలుగు మీడియమే. ఆ పత్రంలో ప్రతి వాక్యం నేను రాసిందే.

ఆ సమావేశం తర్వాత ఆయన అభ్యంతరం తీసేశారు, వివరణేమీ లేకుండా. పది రోజుల గడువు నిన్న రాత్రితో ముగిసింది. ప్రస్తుతానికి కొత్త పద్ధతి కోరుకున్నవాళ్లకే పనిచేస్తుంది. అందరికీ వర్తించాలంటే తర్వాతి పెద్ద వెర్షన్‌కి మరో ప్రతిపాదన పెట్టాలి, దాని చిత్తు మొదలుపెట్టాను. యూనికోడ్ 15.1 నియమంలో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం ఉన్నాయి, కన్నడం లేదు. కన్నడ ఒత్తుల సంగతి బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఈసారి పత్రంలో ఆ భాగం మీరే రాయాలి.