కాకిబంగారం

ఆదివారం, రాత్రి పది.

పొద్దున్నుంచి ఒకటే ముసురు. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేసి, ఆ తడి వాసన భరించలేక టోక్యోలోనే ఉన్న ఉయెనో వెళ్ళాను. నేషనల్ మ్యూజియం, పై అంతస్తు, పదో గది. చెక్క అచ్చుతో కాగితం మీద వేసిన బొమ్మలు ఎక్కువ రోజులు వెలుతురులో ఉంచితే రంగు వెలిసిపోతాయని అక్కడ కొన్ని వారాలకోసారి మార్చేస్తుంటారు. ఇంతకుముందు రెండుసార్లు వెళ్తే, పాతకాలపు నటుల బొమ్మలు వేసిన షరాకు అనే చిత్రకారుడి బొమ్మ లేదు. ఇవాళ ఉంది!

మూడో ఒతాని ఒనిజి అనే నటుడు, ఎడోబే అనే పాత్ర వేషంలో. 1794లో ఎడోలోని (ఇప్పటి టోక్యోనే) కవరజాకి నాటకశాలలో ఆడిన కబుకి, అంటే జపాన్ సంప్రదాయ నాటకం. ఎదుటివాడి డబ్బు లాక్కోబోతున్నాడు. మెడ ముందుకు చాచాడు, మూతి బిగించాడు. ఆ చేతులే నాకు అంతుబట్టవు. పసిపిల్లాడి చేతులంత ఉంటాయి, రొమ్ములోంచి మొలిచినట్టు, వేళ్ళన్నీ విడివిడిగా. ఎవరూ చూడట్లేదు కదా అని నేనూ అలా వేళ్ళు విప్పాను. పక్కనున్న పెద్దాయన చూసి నవ్వు ఆపుకున్నాడు.

సిగ్గేసి, లేసు కట్టుకునే వంకతో కిందికి వంగాను. అప్పుడు కనిపించింది. నిలబడి చూస్తే వెనకంతా ఉత్త బూడిద నలుపు. వంగి పైకి చూస్తే మెరుపు! అభ్రకం పొడి. మేం కాకిబంగారం అనేవాళ్ళం. గూడూరు దగ్గర సైదాపురంలో, తాతయ్యవాళ్ళింటికి సెలవులకెళ్తే, మైకా గనుల దారిలో ఏరుకొచ్చి గోరుతో పొరలు పొరలుగా ఒలిచేవాళ్ళం. జేబులనిండా ఆ పొడే. అమ్మ తిట్లు సరేసరి.

షరాకు ఎవరో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పది నెలల్లో 140కి పైగా బొమ్మలు వేసి మాయమైపోయాడు. అలాంటి కొత్తవాడి మొదటి 28 బొమ్మలకూ అభ్రకం పూయించాడు ప్రచురణకర్త త్సుతయా జూజబురో. మూడేళ్ళ ముందే ప్రభుత్వం అతని ఆస్తి సగం లాగేసుకుంది. అయినా ఆ తెగింపు! కొనేవాళ్ళేమో నాటకాభిమానులు, హీరో పోస్టర్ కొన్నట్టే. ఆడవేషం వేసిన మగవాళ్ళకు మగ దవడ అలాగే ఉంచేశాడు షరాకు. ఆ నటులకు ఒళ్ళు మండే ఉంటుంది, నాకైతే అనుమానం లేదు.

ఆరేడు ఫొటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ మెరుపు పడలేదు. అమ్మకి ఒకటి పంపితే, "ఎవరే వీడు, కడుపునొప్పా?" అంది.

బట్టలింకా ఆరలేదు.