ఫండమెంటల్స్‌ని వార్డు అలవాటుకి వదిలేయకండి

అమెరికాలో నర్సుగా పనిచేయడానికి రాసే లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌కి చదివేవాళ్లు చాలామంది గుండె, కిడ్నీ జబ్బుల మీద నెలలు గడిపి, ఫండమెంటల్స్, అంటే నర్సింగ్‌లోని ప్రాథమిక పనుల దగ్గరికొచ్చేసరికి రోజూ చేసే పనేగా అనుకుంటారు. కానీ చేతికి అలవాటైన వరస వేరు, పరీక్ష అడిగే వరస వేరు.

రెండు ఇన్సులిన్లు ఒకే సిరంజిలోకి తీయడమే చూడండి. ఆర్డరు రెగ్యులర్ (త్వరగా పనిచేసేది, క్లియర్‌గా ఉంటుంది) 10 యూనిట్లు, ఎన్‌పీహెచ్ (నెమ్మదిగా పనిచేసేది, క్లౌడీగా ఉంటుంది) 20. ఎన్‌పీహెచ్ వయల్‌ని, అంటే మందు సీసాని, అరచేతుల మధ్య దొర్లించాలి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి డోసు తప్పుతుంది. రెండు వయళ్ల రబ్బరు మూతలూ స్పిరిట్ స్వాబ్‌తో తుడిచి, ముందు 20 యూనిట్ల గాలి ఎన్‌పీహెచ్‌లోకి వదలాలి, సూది మొన మందుకి తగలకుండా. తర్వాత 10 యూనిట్ల గాలి రెగ్యులర్‌లోకి వదిలి, వయల్ తలకిందులు చేసి 10 లాగి, బుడగలు పోగొట్టాలి. ఆఖర్న ఎన్‌పీహెచ్, సరిగ్గా 30 గీత దాకా.

తప్పు జరిగేది ఇక్కడే. 32 వచ్చేసిందనుకోండి, ఎక్కువైన ఆ రెండు యూనిట్లూ వయల్లోకి వెనక్కి నెట్టకూడదు. సిరంజిలో రెండు ఇన్సులిన్లూ కలిసిపోయాయి కాబట్టి అది పారేసి కొత్త సిరంజితో మొదటినుంచి మొదలెట్టాలి. 'ముందు క్లియర్, తర్వాత క్లౌడీ' అని ఊరికే బట్టీ పట్టొద్దు. ఎన్‌పీహెచ్‌లోని ప్రోటమిన్ అనే పదార్థం రెగ్యులర్ వయల్లోకి చేరితే ఆ మందు త్వరగా పనిచేసే గుణం దెబ్బతింటుంది, కారణం అదే. చాలాసేపు పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్‌ని మాత్రం దేనితోనూ కలపరు.

మన దగ్గర చదివినవాళ్లకి ఇంకో చిక్కు: ఇక్కడ మి.లీ.కి 40 యూనిట్ల వయళ్లు, ఎర్ర మూత సిరంజిలు మామూలు. అమెరికాలో మి.లీ.కి 100 యూనిట్లవి, నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికెళ్లేది 50 యూనిట్లు!

డ్రిప్ లెక్కలోనూ ఇంతే. 1000 మి.లీ. 8 గంటల్లో ఎక్కించాలి. ప్రశ్నలో మి.లీ.కి 15 చుక్కల సెట్ అంటే, 1000ని 15తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 31.25, అంటే నిమిషానికి 31 చుక్కలు. మనకి అలవాటైన 20 చుక్కల సెట్ అనుకుంటే 42 వస్తుంది.

ఎన్‌క్లెక్స్‌లో వెనక్కెళ్లి జవాబు దిద్దుకునే వీలు లేదు. అందుకే ఖాళీ అయిన రెండు వయళ్లలో నీళ్లు నింపి దగ్గర పెట్టుకుని, ప్రతి మెట్టునీ దాని కారణంతో సహా పైకి చెబుతూ చేయండి. కారణం చెప్పలేక ఎక్కడ ఆగారో ఆ మెట్టు నోట్సులో రాసుకుని, మర్నాడు అక్కడినుంచే మొదలెట్టండి.