మేస్త్రి చూపించిన చీటీ

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు వ్యవహారాలు 14 ఏళ్లుగా నేను చూస్తున్నాను. ఇద్దరు గుమస్తాలు, ఒక ముఠా మేస్త్రి, అతని వెంట పదిమంది దాకా హమాలీలు నా మాట మీద పనిచేస్తారు. సంక్రాంతి వెళ్లి సరుకు పోటెత్తిందంటే తెల్లవారకముందే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడం మొదలవుతుంది, ఘాటుకు కళ్లు మండుతుంటాయి. ఆ ఒత్తిడిలో గట్టిగా అరిచేవాడే పని చేయించగలడని చాలాకాలం నమ్మాను.

రెండేళ్ల క్రితం ఒక రైతు తెచ్చిన 22 తేజ రకం మిర్చి టిక్కీలు మరొకరి లాటులో కలిసి కాటాకెక్కాయి. విచారించకుండానే మేస్త్రిని రైతుల ఎదుట నానా మాటలూ అన్నాను. మా నాన్నగారి తమ్ముడంత వయసున్న ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, "చీటీ ఒక్కసారి చూడండి బాబూ" అని మాత్రం అన్నాడు. దాని మీద లాటు నంబరు నా చేతిరాతే. 6 రాయవలసిన చోట 8 రాశాను.

లెక్క ఆ మధ్యాహ్నమే సరిచేయించాను గాని, మేస్త్రితో ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చేసిన తప్పుకన్నా ఆ రెండు రోజుల మౌనమే నన్ను ఎక్కువ బాధించింది. నలుగురిలో తిట్టిన మనిషిని చాటున క్షమించమనడం న్యాయం కాదని తోచి, మూడో రోజు పొద్దున ముఠా అంతా టీ తాగుతుండగా, "తప్పు నాది బాబాయ్, మిమ్మల్ని అనకూడని మాట అన్నాను" అన్నాను. ఆయన తల ఊపి టీ గ్లాసు నా వైపు జరిపాడు.

ఆ రోజుల్లో పెదనందిపాడు పన్నుల నిరాకరణ తరచూ గుర్తుకు వచ్చేది. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వాన మన జిల్లా రైతులు శిస్తు కట్టడం మానేసినప్పుడు, సర్కారు జప్తులకు దిగినా జనం చెయ్యి ఎత్తకుండా ఉండేలా శాంతిసేన వాలంటీర్లు ఊరూరా నిలబడ్డారు. అంతమందిని నిగ్రహంలో ఉంచాలంటే ముందు నిలబడినవారికి ఎంత నిగ్రహం ఉండి ఉండాలి! ఒక్క చీటీ దగ్గర నోరు జారిన నాకు ఆ ఆలోచన చాలా బరువుగా తోచింది.

తరువాత నా అలవాట్లన్నీ ఒక్కొక్కటిగా కంటికి కనిపించసాగాయి. మచ్చుకని రైతు టిక్కీలోంచి తీసిన కాయలు సాయంత్రానికి మా ఇంటికి చేరేవి. అందరూ చేసేదే గదా అని ఏనాడూ ఆలోచించలేదు. అది మానేశాను, మచ్చు చూపించాక కాయలు అదే టిక్కీలో పోయిస్తున్నాను. గుమస్తాలకు ఆ సంగతి చెప్పలేదు. పెద్ద గుమస్తా నెల తిరక్కుండానే తానూ మానేశాడు. రెండోవాడింకా తీసుకువెళుతున్నాడు, అతనితో మాట్లాడవలసి ఉంది, అరవకుండా.

కోపం పూర్తిగా పోలేదు. ఇప్పుడు చీటీ రాయగానే నంబరు మేస్త్రికి పైకి చదివి వినిపిస్తాను, ఆయన మళ్లీ అప్పజెప్పాకే టిక్కీ కాటాకెక్కుతుంది.