పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయితే ఏం జరిగినట్టు?

ముందు ఒక్క మాట. పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్ల మీద బాణం గుర్తులొచ్చి అన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తున్నాయంటే మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. పక్కింటి బీటెక్ కుర్రాడు వచ్చి నేను కొడతానన్నా కొట్టనివ్వకండి.

ఈ మధ్య మా బాబాయికి ఇదే జరిగింది. ఆయనకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. మేత ఎన్ని బస్తాలొచ్చింది, ఏ గుంటకు ఎంత పడింది, కౌంటెంత (కిలోకి ఎన్ని రొయ్యలు), డీలరుకు బాకీ ఎంత, ఇవన్నీ ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్సెల్‌లో రాసుకుంటాడు. బ్యాంకుకి కాగితాలు కావాలంటే పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని నెల్లూరొచ్చి, ఒక జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించుకుని, మళ్లీ దాన్నే ఇంటికి తీసుకెళ్లి కంప్యూటర్‌కి పెట్టాడు. తర్వాత ఫోను. "అబ్బాయ్, ఫోల్డర్ల మీద ఏందో బాణాలొచ్చినాయి. నొక్కితే మాత్రం బాగానే తెరుచుకుంటా ఉంది."

ఆ బాగానే తెరుచుకోవడంలోనే ఉంది కిటుకంతా.

ఇది వార్మ్ అనే చెడ్డ ప్రోగ్రామ్ పని. ఈ రకం వార్మ్ చేసే పని చాలా సాదాగా ఉంటుంది. పెన్ డ్రైవ్‌లో ఉన్న అసలు ఫోల్డర్లను దాచేస్తుంది, మామూలుగా దాచిన ఫైళ్లలా కాదు, సిస్టమ్ ఫైళ్లని కూడా ముద్ర వేసి దాస్తుంది, అందుకే సెట్టింగ్స్‌లో దాచినవి చూపించమని టిక్ పెట్టినా చాలామందికి కనిపించవు. వాటి స్థానంలో అవే పేర్లతో, అదే పసుపు బొమ్మతో షార్ట్‌కట్లు పెడుతుంది. మీరు దాన్ని నొక్కగానే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, దాక్కుని ఉన్న స్క్రిప్టు, అంటే ఆ వార్మ్ చిన్న ప్రోగ్రామ్, మీ కంప్యూటర్‌లో నడుస్తుంది. రెండోది, మీరడిగిన ఫోల్డర్ నిజంగానే తెరుచుకుంటుంది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు, మన ఫైలు మనకు దొరికింది, ఇంక అనుమానం ఎందుకొస్తుంది? ఈలోపు ఆ స్క్రిప్టు తన కాపీ ఒకటి యాప్‌డేటా లాంటి, మనం ఎప్పుడూ తొంగిచూడని ఫోల్డర్‌లో పెట్టుకుని, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తానూ లేచేలా రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చోట, ఒక లైను రాసుకుంటుంది. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌కి ఏ పెన్ డ్రైవ్ పెట్టినా, ఏ మెమరీ కార్డు పెట్టినా దానికీ ఇదే వైద్యం.

మనం అన్నిటినీ వైరస్ అనే అంటాం, అనుకోండి, కొంపేం మునగదు. కానీ తేడా ఒకటుంది. వైరస్ ఇంకో ఫైలుకు అతుక్కుని బతుకుతుంది. వార్మ్‌కు ఆ అవసరం లేదు, తన కాపీలు తానే చేసుకుని ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి పోతుంది. కొన్నిటికి మీరు నొక్కాల్సిన పని కూడా లేదు. 2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే వార్మ్ విండోస్‌లో ఉన్న ఒక లోపం పట్టుకుని నెట్‌వర్క్ మీదుగా దానంతటదే పాకింది, సులువైన పాస్‌వర్డులు తానే ఊహించుకుంది, తర్వాత పెన్ డ్రైవ్ పెట్టగానే అందులోది దానంతటదే నడిచే ఆటోరన్‌నీ వాడుకుంది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకుముందు అక్టోబరులోనే ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది, ఎక్కువగా వేసుకోనివాళ్లకే తగిలింది. 2017 మే 12న మొదలైన, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగిన వన్నాక్రై వార్మ్‌దీ అదే కథ, ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. అప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా సోకింది. అప్‌డేట్ అనగానే "తర్వాత" బటన్ నొక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే.

2011లో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా పెన్ డ్రైవ్‌లకు ఆటోరన్ తీసేసింది. దాంతో పెట్టగానే దానంతటది నడిచే దారి మూసుకుపోయింది, మన చేత నొక్కించుకునే షార్ట్‌కట్ల వేషాలు ఎక్కువయ్యాయి.

సరే, మన కంప్యూటర్‌లో కూర్చుని ఆ వార్మ్ చేసేదేంటి? ముందు కంప్యూటర్ బరువెక్కుతుంది, నెట్ డేటా ఊరికే కరుగుతుంది. టాస్క్ మేనేజర్ తెరుచుకోకపోవచ్చు, యాంటీవైరస్ సైట్లు ఓపెన్ కాకపోవచ్చు, కాన్‌ఫికర్ ఈ రెండో పని బాగా చేసేది. పాతబడిందిలే అని జనం ర్యామ్ కొనుక్కొచ్చి వేస్తారు. అసలు నష్టం వెనకాల ఉంది. వార్మ్ తలుపు తీసి పెడుతుంది, ఆ దారిలో మీరు కొట్టే పాస్‌వర్డులు దొంగిలించేవి, మీ కరెంటుతో క్రిప్టో తవ్వుకునేవి, మీ మెషిన్ నుంచి వేలమందికి స్పామ్ పంపేవి లోపలికొస్తాయి. బాబాయి అదే కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ చేస్తాడు, నాకు టెన్షన్ అక్కడే.

బాగుచేసేటప్పుడు వరస తప్పకూడదు. పెన్ డ్రైవ్‌లో షార్ట్‌కట్లు డిలీట్ చేసి హమ్మయ్య అనుకుంటే నిమిషంలో మళ్లీ వస్తాయి, ఎందుకంటే వార్మ్ కూర్చుంది కంప్యూటర్‌లో. ముందు నెట్ తీసేసి, విండోస్ డిఫెండర్‌లో ఉండే ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాలి, అది రీస్టార్ట్ అయ్యి విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి వార్మ్ అడ్డుపడే వీలు తక్కువ. తర్వాత పూర్తి స్కాన్. కంప్యూటర్ శుభ్రమయ్యాకే పెన్ డ్రైవ్‌ల సంగతి, అదీ ఇంట్లో ఉన్నవన్నీ, పిల్లల ప్రాజెక్టు పెన్ డ్రైవ్‌తో సహా. దాచిన ఫోల్డర్లను బయటికి తేవడానికి విండోస్‌లోనే అట్రిబ్ అనే కమాండ్ ఉంది. బాబాయి లెక్కలన్నీ అలాగే బయటికొచ్చాయి. పాస్‌వర్డులు మాత్రం వేరే ఫోన్ నుంచి మార్పించాను, సోకిన మెషిన్‌లో కూర్చుని కొత్త పాస్‌వర్డు కొడితే దాన్నీ దొంగల చేతికిచ్చినట్టే.

జిరాక్స్ షాపులవాళ్లను తిట్టి లాభం లేదు. హాల్ టికెట్ల సీజన్‌లో రోజంతా ఎవరెవరి పెన్ డ్రైవ్‌లనో ఒకే మెషిన్‌కి పెడుతుంటారు, వాళ్లు మాత్రం ఎన్నని చూస్తారు. ప్రింటుకు వెళ్లేటప్పుడు ఆ ఒక్క పీడీఎఫ్ మెయిల్ చేసేయండి. పెన్ డ్రైవే తప్పదంటే ఖాళీది ఒకటి విడిగా పెట్టుకుని, ఇంటికొచ్చాక స్కాన్ చేయకుండా తెరవకండి. వాట్సాప్ వెబ్‌లో లాగినై పంపేవాళ్లు బయటికొచ్చేముందు లాగవుట్ కొట్టండి, నిన్న ఒక షాపులో ఎవరిదో ఫ్యామిలీ గ్రూపు మొత్తం స్క్రీన్ మీద వెలిగిపోతా ఉంది.