పుస్తెలతాడుకు రెండు పిన్నీసులు

"నీ ఒంటి మీద ఇనుముంది" అన్నాడు మా సూపర్‌వైజర్, లాప్‌టాప్ నా వైపు తిప్పి. ఉందేమో అనలేదు, ఉంది అన్నాడు. అదీ వ్యాన్ దగ్గర టీ తాగుతున్న ముగ్గురి ముందు.

ముందురోజు నేను నడిచిన ఆరు గడులూ తెరమీద దువ్వెనతో గీసినట్టు చారలు చారలుగా ఉన్నాయి. ఉత్తరానికి నడిచిన వరుస ఒక రంగు, దక్షిణానికి తిరిగొచ్చిన వరుస ఇంకో రంగు. అంటే తప్పు నేలది కాదు, మిషన్ మోసే మనిషిది.

ఇంగ్లండ్‌లో ఇళ్ళు కట్టేముందు నేల కింద పాతకాలపుది ఏమైనా ఉందేమో చూపించమంటారు. 1990 నుంచి ఆ ఖర్చు చాలావరకు కట్టేవాడి మీదే. అందుకే మాలాంటి వాళ్ళకు ఉద్యోగాలు. ముప్పై మీటర్ల గడి గీసుకుని, నేల అయస్కాంత బలంలో చిన్న తేడాల్ని కూడా పట్టే గ్రేడియోమీటర్ అనే మిషన్ మోస్తూ ఒకే వేగంతో ఇటూ అటూ నడవడమే పని. ఇక్కడ భూమి అయస్కాంత బలం దాదాపు 49,000 నానోటెస్లాలు. రోమన్ల నాటి కందకం పైమట్టితో పూడిపోయి ఉంటే, అది చూపించే తేడా అయిదో పదో. ఒక్కోసారి ఒకటో రెండో. జిప్పు, బెల్టు, తాళంచెవి ఏదీ ఉండకూడదు. హుక్కుల్లేని లోదుస్తులు వెతికి మరీ కొనుక్కున్నాను. అలాంటి నన్నా అన్నది?

నిజం చెప్పాలంటే అతని చూపు నా మెడ మీదే ఉందనుకున్నాను. "బంగారం అయస్కాంతానికి అంటదు, మట్టెలు వెండివి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. పుస్తెలతాడు తియ్యమంటే ఏమనాలో మొదటిరోజు నుంచీ మనసులో సిద్ధం చేసుకునే ఉన్నాను. అతను తియ్యమనలేదు. "బంగారం సంగతి నాకు తెలుసు, ఆ పక్కన వేలాడేదేంటి?" అన్నాడు.

పిన్నీసులు. రెండు.

అవి అక్కడ ఉన్నాయన్న స్పృహే లేదు నాకు. అమ్మ తగిలించింది, తగిలించినట్టే ఉన్నాయి. ఒకటి సెన్సర్ దగ్గర పెట్టి చూపించాడు, అంకెలు గంతులేశాయి. పోట్లాటకు తయారైన మనిషికి ఒక పిన్నీసు ముందు ఓడిపోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాకా అతనితో మాట్లాడలేదు.

మా అమ్మమ్మ ఊరు నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం పక్కన. అక్కడి ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళట. చేనుగట్ల మీద ఇనుము కరిగించిన చిట్టెం ఉండేది, మేం దాన్ని తన్నుకుంటూ బడికి పోయేవాళ్ళం. ఈ మిషన్ మా చేలో పెడితే పిచ్చెక్కిపోతుంది, మీకు రెండు నానోటెస్లాలకే పండగ, అని అతనితో అందామనుకుని ఆగిపోయాను. ఎందుకంటే 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్ళు తిరిగి ఆ చిట్టెం గుట్టలను జీపీఎస్‌తో నమోదు చేసినవాళ్ళలో, బెంగళూరులోని నియాస్ అనే పరిశోధన సంస్థ వాళ్ళతో పాటు, ఇక్కడి ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళూ ఉన్నారు. మేం తన్నిన రాళ్ళకు వాళ్ళు నంబర్లు వేశారు. ఈ సంగతి కూడా నాకు ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ఆ మాట అమ్మమ్మ ఊళ్ళో ఎవరితోనూ అనను.

ఆ పూటే ఆరు గడులూ మళ్ళీ నడిచాను, ఎదురుగాలిలో. ఈసారి చారల్లేవు. నాలుగో గడిలో సన్నటి నల్ల గీత, మూల దగ్గర వంపు తిరిగి కనిపించింది. ఎవరిదో దొడ్డి చుట్టూ తవ్విన కందకం అయ్యుండొచ్చు. సూపర్‌వైజర్ ఏమీ అనకుండా టిఫిన్ డబ్బా ముందుకు తోశాడు. మూత మీద నా పేరు రాసుంది, లోపల పిన్నీసులు.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మ కళ్ళు సరాసరి మెడ మీదికే పోయాయి. జరిగిందంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "రెండూ ఎందుకు తీసినవ్ బిడ్డా, ఒకటన్న ఉంచుకోవద్దా?" అంది.