మంటపం నెత్తిన 15 టన్నులు: ఓ పాత గుడికి డిజిటల్ మోడల్ చేసిన నా అనుభవం

తాడిపత్రి దగ్గర మా మేనమామ వాళ్ల ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి ముందు ఒక పాత రాతి మంటపం ఉంది. వానొస్తే కారుతుంది. కాంట్రాక్టరు వచ్చి చూసి, "దీన్ని మొత్తం విప్పేసి పిల్లర్లు లేపి స్లాబు వేద్దాం" అన్నాడట. మామ గుడి కమిటీలో ఉన్నాడు కాబట్టి ఆ ఎస్టిమేట్ కాగితం నా చేతికొచ్చింది. నేను అనంతపురంలో ఆర్కిటెక్ట్‌ని. రోజూ రెవిట్ అనే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అపార్ట్‌మెంట్లు గీయడమే నా పని.

ఆ గుడి రక్షిత కట్టడాల జాబితాలో లేదు. అదే తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయం లాంటిదైతే కథ వేరు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు కొత్త నిర్మాణాలకు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఊళ్లలో ఉన్న ఇలాంటి చిన్న గుళ్లకు ఆ కంచె లేదు. "విప్పితే విప్పుదురు గానీ, ముందు కొలతలు తీసుకోనివ్వండి" అని కమిటీని గడువడిగాను.

పాత కట్టడాన్ని కొలిచి, ప్రతి భాగం వివరాలతో కంప్యూటర్‌లో చేసే మోడల్‌ని హెచ్‌బిమ్ (హిస్టారిక్ బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) అంటారు. నేను చేయాలనుకున్నది అదే. డబ్లిన్‌లో మారిస్ మర్ఫీ, ఆయనతో పనిచేసినవాళ్లు 2009లో ఈ పేరు వాడుకలోకి తెచ్చారు. పేరు కొత్తదే గానీ, అందులోని ఆలోచన మనకు కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి, కర్నూలుకు అవతల అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడిదో రాసుకోకుండా అయ్యే పని కాదది. అప్పట్లో కాగితం మీద చేసిన లెక్కనే ఇప్పుడు కంప్యూటర్‌లో చేస్తున్నాం.

లేజర్ స్కానర్ అద్దెకు తెచ్చే స్తోమత మాకు లేదు. మామూలు కెమెరాతో ఫోటోగ్రామెట్రీ చేశాం, అంటే చాలా ఫోటోల నుంచి త్రీడీ ఆకారం రాబట్టే పద్ధతి. ఒక ఫోటోలో కనిపించిన భాగంలో కనీసం మూడింట రెండొంతులు పక్క ఫోటోలోనూ కనిపించాలి. అప్పుడే సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపి ఒక్కో బిందువు ఎంత దూరంలో ఉందో లెక్కకడుతుంది. జూమ్ మార్చకూడదు. ఫ్లాష్ అసలే వాడకూడదు, ఫోటో ఫోటోకీ నీడలు మారిపోతే సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. అందుకని మంటపం బయటంతా ఎండెక్కక ముందే తీసేసి, లోపల చీకటిగా ఉన్న చోట ట్రైపాడ్ పెట్టి నిదానంగా తీశాను. స్తంభాలకు సున్నం, దాని మీద ఆయిల్ పెయింట్. మెరిసే ఆ పెయింట్ చాలా సతాయించింది. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన చూసి చూసి, "ఏమ్మా, ఇన్ని ఫోటోలు ఏంటికి? పెండ్లికి గూడ ఇన్ని తియ్యరు గదా!" అన్నాడు.

ఫోటోలతో ఆకారం వస్తుంది గానీ అసలు కొలత రాదు. దానికోసం సర్వేయర్‌గా ఉన్న నా స్నేహితుడు టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం) తెచ్చాడు. గుర్తుల కాగితాలను రాతికి అంటించకుండా దారంతో స్తంభాలకు కట్టి, వాటి స్థానాలు కొలిచాం. అన్నీ కలిపితే లక్షల చుక్కల మంటపం తెర మీదికొచ్చింది.

అసలు తలనొప్పి అక్కడే మొదలైంది. రెవిట్ కొత్త ఇళ్ల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్. గోడంటే నిటారుగా, స్లాబంటే చదునుగా ఉంటుందని దాని నమ్మకం. ఒక స్తంభం గీసి మిగతా చోట్ల కాపీ కొడితే సాయంత్రానికి పనైపోతుంది, చూడ్డానికీ ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ మోడల్ దేనికి పనికొస్తుంది? చుక్కల్లో చూస్తే దక్షిణం వరస స్తంభాలు బయటికి వాలి ఉన్నాయి. మధ్యలో ఉన్నదైతే పైకి వెళ్లేసరికి దాదాపు రెండంగుళాలు తప్పింది. నాకు కావాల్సింది ఆ వంకరే. కాబట్టి ప్రతి స్తంభాన్నీ విడిగా, అది ఎంత వాలిందో అంతే వాల్చి గీశాను. శిల్పాల జోలికి పోలేదు. స్తంభానికి కింద, మధ్య, పైన చతురస్రపు దిమ్మెలు, వాటి మధ్య అష్టకోణపు భాగాలు పెట్టి, బొమ్మల ఫోటోలు తగిలించాను. నరసింహుడి జూలును పోగు పోగునా గీస్తే ఫైలు తెరుచుకోదు, రిపేరుకీ అక్కర్లేదు.

తర్వాత ప్రతి రాయికీ వివరాలు. నంబరు, రాయి రకం, పగుళ్లు, పాత మరమ్మతు. వీటితో పాటు ఇంకో గడి పెట్టాను: ఈ సంగతి కొలిచిందా, చూసిందా, విన్నదా? దూలం స్తంభం తల మీద ఎంత లోపలికి కూర్చుందో బయటికి కనిపించదు, అది ఊహే. ఊహను కొలతలా రాసేస్తే రేపు పనిచేసేవాడు దాన్ని నమ్ముతాడు. పైన సిమెంటు ఎప్పుడు పోశారో ఊళ్లో ముసలివాళ్లు చెప్పింది "విన్నది" కింద రాశాను. పాత సున్నపు కప్పు కారుతోందని దాని మీద కాంక్రీటు పోయించారట.

ఆ కాంక్రీటే మోడల్‌లో దొరికిపోయింది. చూరు అంచున పొరలు స్పష్టంగా కనిపిస్తున్నాయి: కింద రాతి బండలు, వాటి మీద ఇటుక ముక్కల సున్నం, ఆపైన నాలుగంగుళాల సిమెంటు. కప్పు వైశాల్యం 62 చదరపు మీటర్లు. కాంక్రీటు ఘనమీటరుకు 2,400 కిలోలు. మోడల్ లెక్క దాదాపు 15 టన్నులు చూపించింది. కమిటీ మీటింగ్‌లో త్రీడీ బొమ్మ తిప్పి చూపిస్తే బాగుందన్నారు, అంతే. ఈ లెక్క చెప్పగానే మామ పక్కనున్నాయన, "అంటే లోడు లారీ ఎక్కించినాం గదప్పా!" అన్నాడు. విప్పే మాట ఆ రోజుతో ఆగింది.

బరువొక్కటే కాదు. కాంక్రీటు పోసినప్పుడు దక్షిణం వైపు నీటి తూము పూడిపోయింది. కప్పు మీది నీళ్లన్నీ ఆ వరస మొదట్లోనే పడుతున్నాయి. అక్కడ నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఏ స్తంభాలు వాలాయో, నీళ్లెక్కడ పడుతున్నాయో మోడల్‌లో పక్కపక్కన చూస్తే వేరే వివరణ అక్కర్లేదు.

పని మొదలైంది. అదురుకు రాళ్లు కదులుతాయని బ్రేకర్ మెషిన్ వద్దని, ఉలి సుత్తితోనే సిమెంటు తీయించాం. పగిలిన బండలు మాత్రమే మార్చాం, మార్చాల్సిన బండలేవో నంబర్లతో సహా మేస్త్రీకి ప్రింటు ఇచ్చాను. కప్పు మీద మళ్లీ సున్నం, ఇటుక ముక్కలే, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి. తూము తెరిచాం. వాలిన స్తంభాలను నిటారు చేసే సాహసం చేయలేదు. వానాకాలం పోయాక మళ్లీ ఫోటోలు తీసి, పాత చుక్కల మీద కొత్త చుక్కలు పెట్టి చూస్తే వాలు ఆగిందో లేదో తెలుస్తుంది.

మోడల్‌ని రెవిట్ ఒక్కదాంట్లోనే కాక చాలా బిల్డింగ్ సాఫ్ట్‌వేర్‌లలో తెరుచుకునే ఐఎఫ్‌సీ ఫార్మాట్‌లో కమిటీకి ఇచ్చాను. దాన్నెవరూ తెరవరని తెలుసు కాబట్టి ప్రింట్లు లామినేట్ చేయించి గుడి బీరువాలో పెట్టించాను. ఇప్పుడు కొత్త పేచీ: మంటపంలో మెరిసే గ్రానైట్ పరిపిస్తానని ఒక దాత ముందుకొచ్చాడు. నల్లబండల పాలిష్ యూనిట్లకు పేరుపడ్డ తాడిపత్రి పక్కనే ఉండి ఆ బండలు వద్దంటే ఎట్లా అని నేను, దాత మనసు నొప్పిస్తే ఎట్లా అని మామ. ఇంకా తేలలేదు.